ఎర్ర కెనరీ: వంశమా, ఆహారమా?

గ్రంథ విమర్శ

కెనరీ పక్షి పిడికిలిలో ఇమిడిపోవు చిన్న ప్రాణి. దాని బరువు సుమారు 20 గ్రాములు. ఇంత చిన్న పక్షికి ఏమి మేపవలెనన్న ప్రశ్న, పక్షులను పెంచు ముచ్చట గలవారికి మాత్రమే సంబంధించినదని పైకి తోచవచ్చును. కాని గత శతాబ్దములో ఈ ప్రశ్న జీవశాస్త్రములోని ఒక పెద్ద వివాదముతో ముడిపడినది. ప్రాణి గుణములను నిర్ణయించునది వంశమా, లేక అది తినెడు ఆహారమా? ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమునకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు టిమ్ బర్క్‌హెడ్ ఈ కథను తీసికొని "ది రెడ్ కెనరీ" అను గ్రంథమును వ్రాసినాడు. అది 2003లో వెలువడినది. పాఠశాలలో జీవశాస్త్రము బోధించువారు చదువదగిన గ్రంథమిది. అయితే, అట్టపై నున్న మాటలను అట్లే నమ్మి చదువదగినది మాత్రము కాదు.

కథా సంగ్రహము

కెనరీ అట్లాంటిక్ సముద్రములోని కెనరీ దీవులు, మదీరా, అజోర్స్ దీవులకు చెందిన పక్షి. అడవిలో దాని రంగు పసుపు కాదు. చారలతో కూడిన ఆకుపచ్చ పసుపు. పదునైదవ శతాబ్దములో స్పెయిన్ దేశస్థులు ఆ దీవులను జయించిన పిదప అది ఐరోపాలోని పంజరములకు చేరినది. అచట తరతరములుగా ఎంచి పెంచుట వలన నిండు పసుపు, తెలుపు, ఇంకను పలు రంగుల కెనరీలు ఏర్పడినవి. ఎర్ర కెనరీ మాత్రము ఎవరికిని చిక్కలేదు.

ఆ లోటును తీర్చ బూనినవారు ఇద్దరు. కార్ల్ రైఖ్ జర్మనీలోని బ్రేమెన్ నగరవాసి. పక్షుల పెంపకములో ఆరితేరినవాడు. ఆయన కెనరీలకు నైటింగేల్ పక్షి పాటను నేర్పినాడు. రెండవవాడు హాన్స్ డుంకర్. ఈయన విశ్వవిద్యాలయములో ఆచార్యుడు కాడు. అదే నగరములో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. 1920ల ఆరంభములో వీరిద్దరికి స్నేహము కుదిరినది. ఒకరి చేతి నేర్పు, మరియొకరి మెండెల్ సిద్ధాంత జ్ఞానము కలిసినవి. బోధన ముగిసిన పిదప మిగిలిన వేళలలో ఒక బడి పంతులు ఇట్టి పరిశోధనకు పూనుకొనెనన్న సంగతి మన ఉపాధ్యాయులకు ఉత్సాహము కలిగించక మానదు. ఈ భాగములను బర్క్‌హెడ్ ఆసక్తికరముగా నడిపినాడు.

డుంకర్ ఎత్తుగడ సులభముగా అర్థమగునదే. దక్షిణ అమెరికాలోని వెనిజువేలా ప్రాంతమున రెడ్ సిస్కిన్ అను చిన్న ఎర్ర పక్షి కలదు. అది కెనరీకి దూరపు బంధువు. ఎర్ర సిస్కిన్ మగపక్షిని పసుపు కెనరీ ఆడుపక్షితో జత కలిపిన, రాగి రంగు సంకర సంతానము పుట్టును. అందు ఆడుపక్షులు సాధారణముగా గొడ్డువి. మగపక్షులలో కొన్ని సంతాన శక్తి గలవి. వాటిని తిరిగి కెనరీలతో జత కలుపుచు పోయిన, సిస్కిన్ అంశ తరమునకు సగము చొప్పున తగ్గును: 1/2, 1/4, 1/8. ఆ తగ్గుదలలో ఎరుపు జన్యువును మాత్రము జారిపోనీయక నిలుపుకొనినచో, తుదకు కెనరీ ఆకారమున ఎర్రపక్షి లభించవలెను. పసుపునకు కారణమైన అంశమును తొలగించి ఎరుపును నిలుపుట ఆయన పథకము.

సంకరములలో ఆడుపక్షులే ఏల గొడ్డుబోవును? పక్షులలో రెండు భిన్న లింగ క్రోమోజోములు గలది ఆడుది. సంకరములలో ఒక లింగము దెబ్బ తినినచో, అది సాధారణముగా భిన్న క్రోమోజోములు గల లింగమే యని జె. బి. ఎస్. హాల్డేన్ 1922లో ఒక సూత్రమును ప్రతిపాదించినాడు. ఈ హాల్డేనే 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో మరణించినవాడు. బొగ్గు గనులలోని విషవాయువును పసిగట్టుటకు కెనరీలను తీసికొని పోవలెనని చెప్పిన జాన్ స్కాట్ హాల్డేన్ ఈయన తండ్రి. విద్యార్థులకు ఈ సూత్రమును చెప్పుటకు ఎర్ర కెనరీ కంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇంతకు ఫలితమేమి? డుంకర్‌కు ఎర్ర కెనరీ దక్కలేదు. నారింజ రంగు పక్షులు దక్కినవి. పథకము ఎక్కడ తప్పినదన్నదే గ్రంథములోని అసలు ప్రశ్న.

అట్టమీది మాట

జవాబునకు పోవుటకు ముందు ఒక ఆక్షేపణ. ఈ గ్రంథమునకు "జన్యు ఇంజనీరింగు పొందిన తొలి జంతువు కథ" అను అర్థము వచ్చు ఉపశీర్షిక పెట్టినారు. ఒక జాతిలోని గుణమును బుద్ధిపూర్వకముగా, జన్యుశాస్త్ర సూత్రములను అనుసరించి, మరియొక జాతిలో ప్రవేశపెట్టిన తొలి ప్రయత్నమన్న భావముతో ఈ మాట వాడియుండవచ్చును. ఆ భావములో కొంత న్యాయము లేకపోలేదు. అయినను మాట సరికాదు. జన్యు ఇంజనీరింగు అనగా జన్యువును గుర్తించి, ప్రయోగశాలలో వేరుచేసి, మరియొక ప్రాణిలో చేర్చుట. ఆ విద్య 1970లలో పుట్టినది. డుంకర్ చేసినది సంకరణము, ఎంపిక. గుర్రమును గాడిదను కలిపి కంచర గాడిదను పుట్టించినవారు వేల సంవత్సరముల నాడే రెండు జాతులను కలిపిరి. పదునెనిమిదవ శతాబ్దములో కోల్‌రాయిటర్ పొగాకు జాతులను సంకరము చేసి, తిరిగి తల్లి జాతితో కలుపుచు తరతరముల ఫలితములను పరిశీలించినాడు.

ఇది మాటల పేచీ కాదు. పదవ తరగతి విద్యార్థి ఈ ఉపశీర్షికను చదివి, సంకరణమును జన్యు ఇంజనీరింగును ఒకటేనని వ్రాసినచో మార్కులు పోవును. అంతకంటె ముఖ్యముగా భావము చెడును. ఉపాధ్యాయులు గ్రంథమును తరగతికి తెచ్చునపుడు మొదట సరిదిద్దవలసినది అట్టనే.

ఎరుపు ఎక్కడినుండి వచ్చును?

పక్షి ఈకలలోని పసుపు, ఎరుపు వన్నెలకు చాల వరకు కెరోటినాయిడ్లు అను పదార్థములు కారణము. కారెట్టు దుంపకు, మిరపపండునకు, గ్రుడ్డులోని పచ్చసొనకు రంగు నిచ్చునవి ఇవియే. మొక్కలు వీటిని తయారు చేసికొనగలవు. పక్షులు చేసికొనలేవు, ఆహారము నుండి గ్రహించవలసినదే. పసుపు కెనరీ గింజలలోను ఆకులలోను ఉండు ల్యూటీన్ వంటి పసుపు పదార్థములను కొంచెము మార్చి ఈకలలో నింపుకొనును. ఎర్ర సిస్కిన్ మరియొక మెట్టు ముందుకు పోవును. అది పసుపు పదార్థమును ఎరుపు పదార్థముగా మార్చును.

డుంకర్ పథకములోని లోపము ఇక్కడ బయటపడును. ఆయన పసుపును ఎరుపును పక్కపక్కనే నిలిచియుండు రెండు వేరు గుణములుగా భావించినాడు. ఒకటి తీసివేసిన రెండవది మిగులునని ఆశించినాడు. నిజమునకు ఎరుపునకు ముడిసరుకు పసుపే. ముడిసరుకు రాక ఆగిన, యంత్రమెంత చక్కగా ఉన్నను వస్త్రము తయారు కాదు. వంశమున యంత్రము రావలెను. ఆహారమున సరుకు రావలెను. ఈ రెండవ సగము విలువను తరువాతి తరమువారు, అమెరికాలో చార్లెస్ బెన్నెట్, ఇంగ్లండులో ఏ. కే. గిల్ మొదలగువారు గుర్తించిరి. తగిన వంశపు పక్షులకు తగిన కెరోటినాయిడ్లు గల ఆహారము పెట్టిన పిదపనే నిజమైన ఎరుపు కనబడినది.

గ్రంథము 2003 నాటిది కనుక తరువాత తెలిసిన సంగతులు అందులో లేవు. పాఠకుడు వాటిని చేర్చుకొని చదువుకొనవలెను. 2016లో ఎర్ర కెనరీ జన్యువులను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, సిస్కిన్ నుండి వచ్చి నిలిచిన "సివైపి2జె19" అను జన్యువును గుర్తించిరి. పసుపు కెరోటినాయిడును ఎరుపుగా మార్చు ఎంజైమునకు ఇది మూలము. ఎర్ర కెనరీ కాలేయములోను చర్మములోను ఈ జన్యువు పసుపు కెనరీలో కంటె ఎన్నో రెట్లు చురుకుగా పనిచేయును. అనగా డుంకర్ ఊహించిన ఎరుపు జన్యువు నిజముగానే కలదు. అయితే అది రంగును పుట్టించునది కాదు, తినిన రంగును మార్చునది. ఈ ఒక్క వాక్యము గ్రంథములోని సిద్ధాంతమునకు నిదర్శనముగా నిలుచును. మలి ముద్రణలో చేర్చదగినది.

మిరపకాయ వివాదము

రంగు కొరకు మేపుట ఎర్ర కెనరీతో పుట్టినది కాదు. 1870లలోనే ఇంగ్లండులో కొందరు పెంపకందార్లు పసుపు కెనరీలకు ఎర్ర మిరపపొడి కలిపిన మేత పెట్టి, నారింజ వన్నె పక్షులను ప్రదర్శనలకు తెచ్చిరి. ఇది రంగు పూయుటతో సమానమైన మోసమని కొందరు, మేత మేపుటలో మోసమేమున్నదని కొందరు వాదులాడుకొనిరి. నాటి నుండి నేటి వరకు ఆ తగవు పూర్తిగా తీరలేదు.

మిరపపొడి తిని ఆ చిన్న పక్షి ఎట్లు తట్టుకొనెనని మన విద్యార్థులు తప్పక అడుగుదురు. మిరపలో రంగు నిచ్చు పదార్థము వేరు, కారము నిచ్చు పదార్థము వేరు. రంగునకు కాప్సాంథిన్, కారమునకు కాప్సైసిన్ కారణములు. మన నోటిలోని నాడుల కొనలలో వేడిని గుర్తించు ఒక ప్రోటీనుపై కాప్సైసిన్ పనిచేయుట వలన మనకు మంట పుట్టును. పక్షులలో ఈ ప్రోటీను నిర్మాణము కొంత భిన్నము. కాప్సైసిన్ దానిని కదిలించలేదు. కోడిలోని ప్రోటీనును పరీక్షించి 2002లో ఈ విషయమును నిరూపించిరి. గుంటూరు మిరప కళ్ళములో చిలుకలు పండుమిరపను నిశ్చింతగా కొరుకుటకు కారణమిదే.

ఇంకొక సంగతి. ఈక పెరుగుచున్నపుడే అందులో రంగు చేరును. పెరిగిన ఈక గోరు వంటిది; దానికి రక్తప్రసారము లేదు. కనుక ఏటేట పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుగుకొను కాలములో తిన్న మేతయే ఈకల రంగును నిర్ణయించును. తరువాత ఎంత మేపినను ప్రయోజనము లేదు.

రంగు వేరు, ఆరోగ్యము వేరు

ఈ గ్రంథముపై చెప్పదగిన ప్రధాన విమర్శ ఇది: ఆహార విషయము ఇందులో ముఖ్యముగా రంగు దృష్టితోనే ప్రవేశించును. ఇది పెంపకపు కైపుస్తకము కాదు కనుక దానిని తప్పని అనరాదు. కాని దీనిని చదివి కెనరీని పెంచబూనువాడు, రంగు బాగున్న పక్షి ఆరోగ్యముగా నున్నదని తలచు ప్రమాదము కలదు. ఆ రెండింటికి నడుమ గల వ్యత్యాసమును స్పష్టముగా చెప్పుట అవసరము.

కెరోటినాయిడ్లలో బీటా కెరోటీన్ వంటి కొన్ని శరీరములో విటమిన్ ఎ గా మారును. ల్యూటీన్ మారదు. కనుక ల్యూటీన్ వలన నిగనిగలాడు పసుపు ఈకలు గల పక్షి సైతము విటమిన్ ఎ లోపముతో బాధపడవచ్చును. నేడు ఎర్ర కెనరీల మేతలో కలుపు కాంథాజాంథిన్ అను పదార్థము రంగు కొరకు వాడునదే గాని బలము కొరకు కాదు. ఎక్కువ వాడిన మేలు కలుగునన్న భ్రమయు వలదు. 1980లలో చర్మమునకు వన్నె తెచ్చుకొనుటకు ఇదే పదార్థమును మాత్రలుగా మ్రింగిన మనుష్యుల కంటి రెటీనాలో స్ఫటికములు చేరుట వైద్యులు గమనించిరి.

తెల్ల కెనరీలలో ఒక రకము దీనికి మరింత గట్టి సాక్ష్యము. ఆ జాతి పక్షులకు కెరోటినాయిడ్లను శరీరములోనికి గ్రహించు జన్యువు చెడిపోయినదని 2017లో తెలిసినది. అందుచేతనే అవి తెల్లగా ఉండును. వాటికి ఎన్ని కారెట్లు పెట్టినను విటమిన్ ఎ చాలినంత తయారు కాదు. తయారైన విటమిన్ ఎ నే మేతలో ఇవ్వవలెను. అదియు పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే. ఏలయన ఇది క్రొవ్వులో కరిగి శరీరములో నిలువ యుండు విటమిన్, మితిమీరిన విషమగును. ఒకే పంజరములో పక్కపక్కన కూర్చున్న పసుపు, ఎరుపు, తెలుపు కెనరీలకు ఒకే మేత చాలదన్నమాట. వంశమా, ఆహారమా యన్న ప్రశ్నకు ఇంతకంటె చక్కని జవాబు లేదు.

గింజల గిన్నె

కెనరీకి గింజలే సహజాహారమన్న మాట చిరకాలముగా ప్రచారములో ఉన్నది. 1709లో పారిస్‌లో ఎర్వియో ప్రచురించిన కెనరీ గ్రంథము నాటి నుండి పెంపకందార్లు గింజల మిశ్రమములను గూర్చి చర్చించుచునే యున్నారు. ఈ మాటలో సగము నిజము. అడవి కెనరీ గడ్డిగింజలు, కలుపు మొక్కల గింజలు తినును. వాటితోపాటు లేత ఆకులు, పండ్లు, అప్పుడప్పుడు పురుగులను తినును. దినమంతయు ఎగురును. పంజరములోని పక్షికి ఎగురుట లేదు, ఎంపిక లేదు. గిన్నెలో పోసినదే గతి.

ఆ గిన్నెలో సాధారణముగా ఉండునవి కెనరీ గడ్డి గింజలు, వరిగలు, ఆవజాతి గింజలు, వెర్రినువ్వులు, అవిసెలు. వెర్రినువ్వులనే మన అరకు ప్రాంతమున వలిసెలందురు. ఆ లోయకు పసుపు దుప్పటి కప్పు వలిసె పూలు అందరికి తెలిసినవే. మన దేశపు వలిసెలు పక్షుల మేతగా విదేశములకు సైతము ఎగుమతి యగును. వీటిలో నూనె అధికము. పక్షికి రుచి ఎక్కువ. తనకిచ్చిన మిశ్రమములో నూనెగింజలనే ఏరి తిని మిగిలినవి చిమ్మివేయును. తుదకు పక్షి లావెక్కును, కాలేయము క్రొవ్వు పట్టును. గింజలలో విటమిన్ ఎ బహు స్వల్పము. కాల్షియము తక్కువ, ఫాస్ఫరసు ఎక్కువ. విటమిన్ ఎ కొరవడిన ముక్కు, నోరు, శ్వాసనాళముల లోపలి పొర గట్టిపడి రోగములకు లోనగును. కాల్షియము కొరవడిన ఎముకలు బలహీనపడును; ఆడుపక్షి గ్రుడ్డు పెట్టలేక అవస్థ పడును.

కనుక ఆధునిక పశువైద్యులు అన్ని పోషకములను సమపాళ్ళలో కలిపిన గుళికల మేతను ప్రధానాహారముగా ఉంచి, గింజలను పరిమితముగా ఇమ్మందురు. మేత మార్పు క్రమక్రమముగా జరుగవలెను. గుళికలు తినదగినవని తెలియక పక్షి పస్తుండి చనిపోవచ్చును. దినదినము కొద్దిగా శుభ్రముగా కడిగిన కొత్తిమీర, మెంతి వంటి ముదురాకు, తురిమిన కారెట్టు ఇవ్వవచ్చును. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లము కాల్షియమును పట్టుకొనును. కనుక అది నిత్యము తగదు. ఈకలు మార్చు కాలమున, పిల్లలను పెంచు కాలమున ఉడికించిన గ్రుడ్డు మేలు. మన ఎండలకు అది త్వరగా చెడును గాన గంట రెండు గంటలలో తీసివేయవలెను. కాల్షియము కొరకు సముద్రపు నురుగు ముక్కను పంజరమునకు కట్టుట పాత వాడుక, మంచి వాడుక. అవకాడో పండు, చాకొలెట్టు పక్షులకు విషములు.

ఒక చిన్న హెచ్చరిక. కెనరీ గింజ పొట్టును ఒలిచి పప్పునే మ్రింగును. పొట్టు గిన్నెలోనే పడును. గిన్నె నిండుగా నున్నట్లు కనబడును. పక్షి మాత్రము ఆకలితో నుండును. ఇంత చిన్న దేహములో నిలువ బలము తక్కువ; ఒక్క దినము మేత లేకున్నను ప్రాణము మీదికి వచ్చును. రోజూ గిన్నెలోని పొట్టును ఊది చూచుట ఏ విటమినుకంటెను ముందు చేయవలసిన పని.

మూల్యము

ఎర్ర కెనరీకి చెల్లించిన మూల్యములు రెండు. మొదటిది ఎర్ర సిస్కిన్‌ది. పంజరముల కొరకు, సంకరము కొరకు విచక్షణ లేక పట్టుట వలన ఆ పక్షి తన స్వదేశములోనే అంతరించు ప్రమాదములో పడినది.

రెండవది మానవులది. వంశమే సర్వస్వమని నమ్మిన డుంకర్ ఆ నమ్మకమును పక్షులతో నిలుపలేదు. నాజీల కాలమున జాతి పరిశుద్ధి ప్రచారములో ఆయనయు పాలుపంచుకొన్నాడు. బర్క్‌హెడ్ ఈ విషయమును దాచలేదు. అది గ్రంథమునకు గౌరవము. అయితే ఇందులో ఒక వైపరీత్యము కలదు. వంశము ఒక్కటే చాలదని ఆయన పంజరములలోని నారింజ పక్షులే సాక్ష్యము పలుకుచుండెను. మేత మారిన రంగు మారు పక్షిని ఎదుట పెట్టుకొని, మనుష్యుల యోగ్యతను రక్తమును బట్టి నిర్ణయించవచ్చునని బోధించుట శాస్త్రము కాదు. సాక్ష్యము తన కోరికకు విరుద్ధముగా నున్నపుడు దానిని చదువనొల్లని మనస్సు పని అది.

ఈ కారణము చేతనే, అట్టమీది అతిశయోక్తి ఉన్నను, 2003 నాటికి తెలిసిన శాస్త్రముతోనే ఆగిపోయినను, "ది రెడ్ కెనరీ" పాఠశాల గ్రంథాలయములో ఉండదగినది. ప్రయోగము విఫలమైనపుడు ప్రకృతి చెప్పుచున్నదేమో వినవలెనని అది నేర్పును. దానిని చదివిన ఉపాధ్యాయుడు జన్యుశాస్త్ర పాఠమును, పోషకాహార పాఠమును వేర్వేరు గదులలో పెట్టి బోధించడు. విద్యార్థి మాత్రము ఇంటికి పోయి, పంజరమున్నచో, మొదట గిన్నెలోని పొట్టును ఊది చూచును.